పోషణ మాసమును, మన యూరి పంటయు

ప్రతి సంవత్సరమును సెప్టెంబరు ప్రాంతమున మన దేశమందంతటను పోషణ మాసమను నొక యుత్సవము జరుగుచున్నది. అంగన్‌వాడీ కేంద్రములలో ఆకుకూరల ప్రదర్శనములు, గర్భిణులకు సామూహిక సీమంతములు, పసిబిడ్డలకు అన్నప్రాశనములు, పాఠశాలలలో వ్యాసరచన పోటీలు, వీధులలో ఊరేగింపులు ఆ మాసమున మనకు గానవచ్చు దృశ్యములు. దీని యుద్దేశమేమి? దేశమున కంతటికిని ఒకే పండుగ చేయుచు, ప్రతి యూరివారిని తమ యూరి పంటనే తినుడని చెప్పుట యెట్లు పొసగును? పండుగ ముగిసిన పిమ్మట మన పళ్లెములో నిలుచునదేమి? ఈ ప్రశ్నలను గూర్చి విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును సుబోధకమగునట్లు కొంచెము వివరింప దలచితిమి.

మొదట ఈ యుత్సవము పుట్టుపూర్వోత్తరములను చెప్పుదుము. మన దేశమున 1982వ సంవత్సరము నుండి సెప్టెంబరు 1వ తేది మొదలు 7వ తేది వరకు జాతీయ పోషకాహార వారమును జరుపుచు వచ్చిరి. 2018 మార్చి 8వ తేదిని రాజస్థానములోని ఝున్‌ఝునూ పట్టణమున పోషణ అభియానమను కార్యక్రమము ప్రారంభింపబడెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే మొదటి పోషణ మాసము జరిగినది. అదే 2018వ సంవత్సరమును చిరుధాన్యముల జాతీయ సంవత్సరముగ ప్రకటించిరి. అటుపిమ్మట మన దేశము చేసిన ప్రతిపాదనను డెబ్బదికి పైగా దేశములు బలపరుపగా, 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ జరుపవలెనని 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానించెను. ఇట్లు వారముగ మొదలైనది మాసమై, ఒక ధాన్యజాతి పేరిట సంవత్సరముగ కూడ విస్తరించినది.

ఇంత హెచ్చరిక యవసరమా యని కొందరు సందేహింపవచ్చును. 2019 మొదలు 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూచినవారికి ఈ సందేహము నిలువదు. 15 మొదలు 49 సంవత్సరముల వయసుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని ఆ సర్వే తేల్చినది. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను కూడ స్థితి యించుమించుగ నంతియే. అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనులు. నూటికి 35 మందికి పైగా వయసునకు దగిన యెత్తు లేనివారు. రక్తములో హీమోగ్లోబినను ఎఱ్ఱని పదార్థము కలదు. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును మోసికొనిపోయి యొడలి నలుమూలలకు నందించుట దాని పని. అది తగ్గినచో మెదడునకు గాని కండరములకు గాని చాలినంత ప్రాణవాయువు అందదు. బడిలో మూడవ గంటకే తల వాల్చు బాలికను సోమరియని మందలించుటకు ముందు, ఆమె ఉదయమున ఏమి తిని వచ్చెనో విచారించుట న్యాయము. రక్తహీనతకు తిండిలోపమొకటే కారణము కాదు. కొంకిపురుగులును, మలేరియా వంటి జ్వరములును కూడ దానిని కలిగించును. కాని తిండి సరిపడక మందులు మాత్రము మ్రింగినచో రోగము మరల తలయెత్తును.

ఇక్కడ నొక చిత్రము కలదు. ఈ రక్తహీనులలో పెక్కుమంది ఆకలితో నున్నవారు కారు. వారికి రెండు పూటల అన్నము దొరకుచునే యున్నది. కడుపు నిండుచున్నది గాని యొడలికి కావలసినది అందుటలేదు. తెలుగువారికి ఈ యనుభవము క్రొత్తది కాదు. గడచిన శతాబ్దపు పూర్వార్ధమున ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తప్పి, గుండె నీరసించి మనుష్యులు మరణించుచుండిరి. మరపట్టి మెఱుగుపెట్టిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమైన చోట్ల నీ వ్యాధి కానవచ్చెను. ఉప్పుడు బియ్యము తినువారిలో అది యరుదు. బియ్యపు గింజ పైపొరలలో నుండు థయామిన్, అనగా బి1 విటమిను, మరలో తవుడుతో కూడ పోవుటయే యిందులకు కారణము. ధాన్యమును ఉడికించి యెండబెట్టునపుడు ఆ విటమిను కొంత గింజలోనికి చొచ్చుకొని నిలుచును. 1918లో కూనూరున రాబర్టు మెకారిసన్ గారు ఒక చిన్న గదిలో ప్రారంభించిన పరిశోధన యీ బెరిబెరిని గూర్చినదే. ఆ శాలయే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు మారి, జాతీయ పోషకాహార సంస్థగ నేటికిని పనిచేయుచున్నది. తెల్లనివన్నియు మేలైనవి కావని మన పూర్వులు ప్రాణములొడ్డి నేర్చుకొన్న పాఠమిది.

అయినను తెల్లని యన్నము మన పళ్లెమును ఎట్లాక్రమించినది? దీనికి కారణములు పెక్కులు. కాలువల నీరు వచ్చిన చోట వరి లాభసాటియైనది. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. అది పేదల యాకలిని తీర్చిన గొప్ప యుపకారము. దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని జొన్నయు రాగియు పండించుకొను మెట్టప్రాంతములకు కూడ చౌకదుకాణమున బియ్యమే వచ్చినందున, మెట్టపంటకు ఇంటిలోనే గిరాకి తగ్గినది. మూడవ కారణమును పురుషులు తరచుగ మరచుచుందురు. కొఱ్ఱలు, సామలు, అరికలు పొట్టు తీయుట మిక్కిలి శ్రమతో కూడిన పని. తెల్లవారకముందే లేచి రోకలి పట్టిన యే తల్లియు, మరబియ్యము వచ్చిన దినమున దానిని తిరస్కరింపలేదు. ఈ మార్పుల ఫలమేమనగా, 1960ల ప్రాంతమున దేశమున సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్లలో పండుచుండిన జొన్న, ఇటీవల 40 లక్షల హెక్టార్ల ప్రాంతమునకు తగ్గినది.

ఇక ప్రాంతీయాహారమనగా నేమో చూతము. ఒకే ధాన్యమును రాయలసీమవారు రాగులందురు, విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములవారు చోళ్లందురు, తెలంగాణమువారు తైదలందురు. పేర్లు మూడైనట్లే వంటలును మూడు విధములు. సీమలో అది సంగటియై వేరుసెనగ పచ్చడితో కలియును. ఉత్తరాంధ్రమున అంబలియై పొలము గట్టునకు పోవును. తెలంగాణమున జావయై వేసవిలో దాహము తీర్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియము గలదు; అంతే తూకపు తెల్లబియ్యములో అది 10 మిల్లీగ్రాములకు మించదు. ఎదుగుచున్న పిల్లల యెముకలకును దంతములకును ఇంతకంటె చౌకయైన బలము వేరొకటి యరుదు. అట్లే కర్నూలు, మహబూబునగరు ప్రాంతముల నల్లరేగడిలో జొన్న, ఎఱ్ఱనేలలలో కొఱ్ఱ, మన్యపు కొండవాలులలో సామ, గోదావరి లంకలలో కూరగాయలు, ఉద్దాన ప్రాంతమున పనస పండుచున్నవి. ఏ నేలకు ఏ పంట తగునో ఆ నేలవారే వేల యేండ్లు పరీక్షించి నిర్ణయించుకొనిరి. కొఱ్ఱ మూడు నెలలలోనే చేతికి వచ్చును. వరివలె మడినిండ నీరు కోరదు. వానలు తప్పుచున్న యీ కాలమున ఇది యల్పలాభము కాదు. కావున దేశమంతట ఒకే ధాన్యమును తినిపించుట జాతీయత యనిపించుకొనదు. ఎవరి నేల యిచ్చినదానిని వారు గౌరవముతో తినుటయే యీ విషయమున నిజమైన జాతీయత.

ఋతువును గూర్చియు కొంత చెప్పవలయును. ప్రకృతి ఒకే నెలలో అన్నిటిని పండింపదు. చైత్రమున చింతచిగురు వచ్చును. ఎండలు ముదిరినపుడు తాటిముంజలును మామిడిపండ్లును వచ్చును. కోస్తావారు పావిలికూర యనియు తెలంగాణమువారు గంగవాయిలికూర యనియు పిలుచు పులుపాకు నేలబారుగ ప్రాకును. తొలకరి పడిన పిమ్మట గోంగూర, తోటకూర, పొన్నగంటి విరివిగ లభించును. భాద్రపదాశ్వయుజములలో సీతాఫలములు పగులును. కార్తికమున ఉసిరిక కాయును. దాని నీడనే వనభోజనములు చేయుట మన యాచారము. పుష్యమాసపు చలిలో రేగుపండ్లు, తేగలు, నువ్వులు, క్రొత్తబెల్లము వచ్చును. బతుకమ్మ పండుగ సద్దులలోను, భోగినాటి నువ్వులద్దిన సజ్జరొట్టెలోను మన పెద్దలు ఋతువునే వడ్డించిరి.

ఋతువున వచ్చినది రుచికి మాత్రమే కాదు, గుణమునకును మేలైనది. ఆకుకూర కోసిన గడియ నుండియు దానిలోని సి విటమిను తగ్గుచు వచ్చును. రెండు దినములు బండిలో ప్రయాణము చేసిన యాకుకంటె పెరటిలో కోసిన యాకు శ్రేష్ఠము. పంట సమృద్ధిగ నున్నపుడు వెలయు తగ్గును; పేదయింటి పళ్లెమునకు ఇది ముఖ్యమైన విషయము. మఱియు పండ్రెండు నెలలలో పండ్రెండు రకములు తినినచో ఒకదానిలో కొరవడినది మఱియొకదానిలో దొరకును. ఋతుభోజనములో వైవిధ్యము దానంతటదియే యిమిడియున్నది.

ఆకును గూర్చి మన తెలుగుజాతికి గర్వకారణమైన యొక సంగతి కలదు. 1928 ప్రాంతమున బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఆహారములోని యేదో యొక పదార్థము లోపించుటయే దానికి కారణమని గ్రహించెను. ఆ పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని పేరొందినది. లాటిను భాషలో ఫోలియమనగా ఆకు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలవారు 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసి ప్రపంచమున కందించిరి. ఒక తెలుగువాని నేతృత్వమున రసాయనశాలలో తయారైన యా మందునకు ఆకు పేరిట నామకరణము జరుగుట గమనింపదగినది. ఆ ఆకు మన పెరటిలో మునగచెట్టుపైనను, తోటకూర మడిలోను నేటికిని ఉన్నది.

అయితే మంచి పదార్థములను ఏదో విధముగ తినినంత మాత్రమున చాలదు. కలిపి తినుటలో నేర్పు కావలెను. ధాన్యములలోను ఆకులలోను ఉండు ఇనుము సులభముగ ఒంటబట్టదు. పులుపులోని సి విటమిను దానికి సాయపడును. పప్పులో నిమ్మరసము పిండుట, ఆకుకూరతో ఉసిరికపచ్చడి నంజుకొనుట, భోజనానంతరము జామపండు తినుట ఇందులకే తగియున్నవి. భోజనముతోడనే తేనీరు త్రాగుట ఆ సాయమును చెరచును. కనీసము ఒక గంట యెడముండుట మేలు. ధాన్యములలోని ఫైటేటులను పదార్థములు ఇనుమును పట్టియుంచును. నానబెట్టుట, మొలకెత్తించుట, పులియబెట్టుట వలన అవి తగ్గును. రాత్రి పులిసిన యంబలిని ఉదయము త్రాగిన మన కాపు, శాస్త్రము చదువకయే శాస్త్రమును పాటించెను.

ఇన్ని గుణములు గల తిండికి ఉత్సవమేల? కారణము సుగ్రాహ్యము. మనుష్యుడు నాలుకతో నెంత తినునో మర్యాదతో నంత తినును. జొన్నయన్నము పేదవాని తిండియనియు, వరియన్నము కలవారి తిండియనియు నొక భావము మన సమాజమున పాతుకొనిపోయినది. చుట్టమువచ్చిన దినమున సంగటి దాచి అన్నము వండిన యిండ్లెన్నియో కలవు. పంచబడిన విత్తనము మొలచును గాని, అవమానింపబడిన విత్తనము మొలవదు. 2018లో కేంద్ర ప్రభుత్వము, ముతక ధాన్యములని పిలువబడుచుండిన వానికి పోషక ధాన్యములను పేరు పెట్టినది. పేరు మార్చినంతనే గింజ మారదు. కాని దానిని తినువాని తల యెత్తు మారును. ఉత్సవము చేయగల మొదటి మేలు ఇదియే.

ఉత్సవములన్నియు రాజధానులలోనే పుట్టవలెనను నియమము లేదు. జహీరాబాదు ప్రాంతమున చిన్న కమతముల దళిత మహిళలు సంఘములుగ నేర్పడి, సంక్రాంతి నాళ్లలో పాత పంటల జాతర జరుపుచున్నారు. ఎడ్లబండ్లనలంకరించి, వానిపై తమ చేల విత్తనములను బుట్టలలో నిలిపి, సుమారు నెల దినములు ఊరూర త్రిప్పుదురు. ఒకే చేనిలో ఇరువదికి పైగా రకములు పండించి, విత్తనములను తమ యిండ్లలోనే దాచుకొనుట వారి పద్ధతి. 2019లో వారి సంఘములకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించినది. పెక్కురు చదువుకొనని యీ స్త్రీల వలన చదువుకొన్నవారు నేర్వదగినది చాల కలదు.

పరదేశపు దృష్టాంతమొకటి చెప్పుదుము. జపాను దేశమున ప్రతి సంవత్సరమును జనవరి 24 మొదలు 30వ తేది వరకు పాఠశాల భోజన వారమును జరుపుదురు. 1889లో త్సురువొకా పట్టణమున ఒక బౌద్ధాలయములోని పాఠశాలలో పేదపిల్లలకు భోజనము పెట్టుటతో అచ్చటి పాఠశాల భోజనములు ఆరంభమైనవని చెప్పుదురు. యుద్ధకాలమున నిలిచిపోయినవి 1946 డిసెంబరులో మరల మొదలయ్యెను. ఆ వారమున పెక్కు పాఠశాలలు తమ సీమలో పండినవానితోనే తమ సీమ వంటలను వండి వడ్డించును. విద్యార్థులే తెల్లని యంగీలు తొడుగుకొని తోటివారికి వడ్డింతురు. 2005లో ఆ దేశమువారు భోజనవిద్యను గూర్చి ప్రత్యేకముగ నొక చట్టమును చేసికొనిరి. వారి పండుగ నిలుచుటకు కారణమేమనగా, వారము ముగిసినను ఆ వంటశాల మూతపడదు.

మన పోషణ మాసమునకు గల ముఖ్యమైన లోపము ఇక్కడ తెలియుచున్నది. ముగ్గులువేసి, బుట్టలలో కూరలు పేర్చి, ఛాయాపటము తీయించుకొని, మరునాడు యథాప్రకారముగ నీళ్లపప్పు వడ్డించినచో ఆ యుత్సవము వ్యర్థము. చిరుధాన్యములకు కీర్తి వచ్చిన పిదప పట్టణపు దుకాణములలో వాని వెల బియ్యమును మించినది. పండించిన మెట్టరైతునకు ఆ వెలలో దక్కునది స్వల్పము. రాగి పేరుపెట్టి చక్కెరయు మైదాయు నింపిన బిస్కత్తులు కూడ అంగడులలో కానవచ్చుచున్నవి. అట్టి పొట్లముపై నుండు పదార్థముల పట్టికను విద్యార్థులు చదువ నేర్వవలెను. ఏ పదార్థము హెచ్చుగ నున్నదో అదియే ముందు వ్రాయబడియుండును.

ఉత్సవము నిలుచుటకు నాలుగు ఆధారములు కావలెను: ఊరిలో పొట్టుతీయు చిన్న యంత్రము, రైతునకు గిట్టుబాటు వెల, చౌకదుకాణమున స్థానము, పాఠశాల వంటశాలలో నిత్యోపయోగము. 2013 నాటి ఆహారభద్రతా చట్టము బియ్యము, గోధుమలతో పాటు చిరుధాన్యముల పంపకమునకు కూడ అవకాశమిచ్చినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ యిచ్చుట ప్రారంభమయ్యెను. ఇట్టివి పదిమాటల యుపన్యాసముకంటె గొప్పవి. ఏలయనగా బాల్యమున నాలుకకు అలవడిన రుచి ముసలితనము వరకు విడువదు.

మన పాఠశాల మాత్రము చేయదగినదేమి? మేము భారీపనులను సూచింపము. ప్రతి తరగతివారును తమ తమ యిండ్లలోని పెద్దలనడిగి, ఏ నెలలో ఏ యాకు, ఏ కాయ, ఏ పండు వచ్చునో యొక పట్టికను సిద్ధపరుపవచ్చును. అవ్వలకు తెలిసిన కూరల పేర్లలో సగము మనుమలకు తెలియవు. వ్రాసి యుంచనిచో మఱియొక తరమునకు ఆ సగమును మిగులదు. బావి వద్ద వృథాగ పాఱు నీటితో రెండు మునగచెట్లను, ఒక తోటకూర మడిని పెంచవచ్చును. వసతిగృహమున వారమునకు రెండు పూటలైనను జొన్నయో కొఱ్ఱయో వండించి, బాలురు వదలివేసినది యెంతయో, అడిగి పెట్టించుకొన్నది యెంతయో లెక్కవ్రాసినచో, మరుసటి యేటికి వంటను సరిదిద్దుకొనుటకు ఆధారము దొరకును. తల్లిదండ్రులు చేయవలసినది యొకటియే: ఆడపిల్లకు అందరి పిమ్మట మిగిలినది పెట్టు నాచారమును మానవలెను. ఎంతటి పోషణ మాసమైనను ఆ యొక్క యాచారమును దాటి పళ్లెమును చేరజాలదు.

దేశమెల్ల ఒకే నెలలో పండుగ చేయుట సులభము. ఆ పండుగ తక్కిన పదునొకండు నెలలును మన వంటయింట నిలుచునట్లు చేయుట మన చేతిలో నున్నది. వచ్చు సెప్టెంబరులో ఊరేగింపు మన వీధిని సాగునపుడు, దానిలో పాల్గొను ప్రతి విద్యార్థియు ఆ దినమున తన పళ్లెములో మన నేల పండించినది ఏమున్నదో చెప్పగలిగినచో, ఆ యూరేగింపు సార్థకమైనదని మేము తలంతుము.